అరువు టైర్లు

బ్రేకు ఇన్స్పెక్టరు అనే మాట వింటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. బస్సు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందో లేదో పరీక్ష చేసి కాగితం ఇచ్చే ఆఫీసరుకు మా చిత్తూరులో అదే పేరు. ఆ కాగితాన్ని ఎఫ్‌సీ అనేవాళ్లు. అది లేకుంటే బండి కదలకూడదు. బండి కదలకుంటే రూటు ఇంకొకడి పాలవుతుంది. యుద్ధం రోజుల్లో మాకు ఉన్నదల్లా ఒక్క బస్సు. చిత్తూరు నుంచి పూతలపట్టు మీదుగా తిరుపతికి పోయి వచ్చేది. మా ఆయనే ఓనరు, మా ఆయనే డ్రైవరు. ఆ బస్సు నిలిచిన రోజు మా ఇంట్లో పొయ్యి కూడా నిలిచేది.

పెట్రోలు దొరక్క, బొగ్గు గ్యాసుతో నడిచేటట్టు దాని వెనకాల ఒక పొయ్యి బిగించారు. తెల్లవారగానే ఆయనా నేనూ దాన్ని రాజేసేవాళ్లం. నా వంటపొయ్యికి కూడా అంత సేవ చేసి ఎరగను. ముఖమంతా మసి, చీరంతా బొగ్గు. ఎత్తు వచ్చిందంటే బండి మూలిగేది, జనం దిగి నడిచేవాళ్లు. టిక్కెట్టు కొని నడిచే భాగ్యం మీ బస్సులోనే దొరుకుతుందని ఎగతాళి చేస్తే ఆయన హాయిగా నవ్వేవాడు. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఆ ఏడాది పరీక్షలో మా బండి తప్పింది. హారను మోగలేదు. ఒక దీపం వెలగలేదు. వెనక తలుపు గడియ పడలేదు. అవి ఎట్లాగో సర్దుకోవచ్చు. కానీ ముందు టైర్లు రెండూ అరిగి నున్నగా అయిపోయాయి, అవి మారిస్తే తప్ప కాగితం ఇవ్వనన్నాడు ఇన్స్పెక్టరు. పోతూ పోతూ, వెనక స్ప్రింగు పట్టీ కూడా నీరసంగా ఉంది, ఇప్పుడు దానికోసం కాగితం ఆపను గానీ తొందరలో మార్చుకో అని ఒక సలహా పడేశాడు. సలహాకేం, నోరుంటే చాలు.

ఇంటికొచ్చి ఇద్దరం తలలు పట్టుకుని కూర్చున్నాం. హారను రబ్బరు బుడ్డికి చెప్పులు కుట్టే ఆయన చేత అతుకు వేయించాం. మా దొడ్డి తలుపు గడియ పీకి బస్సు తలుపుకు బిగించాం. ఆ ఏడాదంతా మా దొడ్డి తలుపుకు తాడే గడియ. స్ప్రింగు పట్టీకి కొలిమిలో ఒక ఇనుప కట్టు వేయించి, దేవుడి మీద భారం వేశాం. దీపం పాత బండిది ఒకటి దొరికింది. ఇక మిగిలినవి టైర్లు. టైర్లకు సర్కారు చీటీ కావాలి. ఆ చీటీలు ఎవరికి దొరికేవో ఊరందరికీ తెలుసు, మాకు మాత్రం దొరకవు. దొంగ బజారులో ఉన్నాయి గానీ ధర వింటే కళ్లు తిరుగుతాయి.

నేను చేతి గాజులు తీసి ఆయన ముందు పెట్టాను. పుట్టింటివాళ్లు పెట్టిన జత అది. ఇవి అమ్మి టైర్లు తీసుకురా అన్నాను. ఆయన వాటిని మళ్లీ నా చేతికి తొడిగాడు.

"నీ చేతులు బోసి చేసి బస్సుకు తొడిగేదా మే? ఒక్క దినానికి కావాల టైర్లు. అవి ఊర్లోనే ఉండాయిలే."

ఊర్లోనే ఉన్నాయి, నిజమే. నాలుగు బస్సుల ఆసామి ఒకాయన ఉండేవాడు. ఆయన షెడ్డులో మంచి టైర్లు ఒక జత గోనెపట్ట కప్పుకుని కూర్చునేవి. ఎవరి బండికి పరీక్ష వస్తే వాళ్లు పోయి అడగడం, బిగించుకోవడం, కాగితం చేతికి రాగానే విప్పి తిరిగి ఇచ్చేయడం. మా వైపు పెళ్లిచూపులకు పక్కింటి కాసులపేరు అడిగి పిల్ల మెడలో వేసే తీరే ఇది కూడా. అడిగితే లేదనరు. తీసుకున్నవాళ్లు అది ఎవరిదో నలుగురిలో నోరు జారరు. నా పెళ్లిచూపుల నాడు నా మెడలో ఉన్నది కూడా ఎదురింటామెదే. ఎవరో ముసలామె పట్టుకుని చూసి బాగుందే అంటే, మా అమ్మ నా వీపు మీద చిన్నగా గిల్లింది, నోరు మూసుకోమని.

పరీక్ష రోజు నేను సంగటి, నంజుకోను ఊరిబిండి కట్టుకుని మైదానానికి పోయాను. ఇన్స్పెక్టరు బెత్తంతో ఆ టైర్లను తట్టాడు. వారం కిందట ఇంకొకరి బండికి ఉన్నప్పుడు వాటినే తట్టి ఉంటాడు. ఆయనకు తెలియదా? మనిషి ముఖం కంటే ఆ టైర్లే ఆయనకు బాగా గుర్తు. చిన్నగా నవ్వి సంతకం చేశాడు. మా ఆయన టైర్లు విప్పి, కడిగి, తుడిచి సాయంత్రానికల్లా తిరిగి ఇచ్చేశాడు. అరువు తెచ్చిన గిన్నె ఉత్తగా పంపకూడదు కదా, అట్లాగే టైర్లతో పాటు నేనొక బెల్లం అచ్చు పంపించాను. నా చేత్తో నేనే ఆకులో చుట్టి ఇచ్చాను. తలుచుకుంటే ఆ చెయ్యి విరిచేసుకోవాలనిపిస్తుంది.

మళ్లీ మా నున్నటి టైర్లు బండికి ఎక్కాయి. వానలు మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం, తిరుపతి నుంచి వస్తూ పూతలపట్టు దగ్గర దిగుడులో కుడిపక్క టైరు పేలింది. బస్సు రోడ్డు దిగి రాళ్ల గుట్టకు కొట్టుకుంది. చాలామంది దెబ్బలతో బయటపడ్డారు. ఏర్పేడు నుంచి కోర్టు పని మీద వస్తున్న ఒక రైతు కాలు మాత్రం సీటు కింద నలిగిపోయింది. ఆస్పత్రిలో మోకాలి దాకా తీసేశారు. నేను పోయి చూశాను. ఆ మనిషి నన్ను కూర్చోమని పక్కనున్న పీట చూపించాడు. తిట్టుంటే బాగుండేది.

పడిపోయిన బస్సును చూడడానికి వచ్చింది ఎవరనుకున్నారు? ఆ ఇన్స్పెక్టరే. తను బాగుందని సంతకం పెట్టిన టైరును తనే బాగాలేదని ఎట్లా అంటాడు? బస్సు పడ్డాక రాళ్లకు కోసుకుని టైరు పగిలిందని రాసేశాడు. కాగితం ప్రకారం బండి బాగుంది కాబట్టి తప్పు నడిపినవాడిదే అయింది. ఒళ్లు తెలియకుండా నడిపాడని కేసు పెట్టారు.

గాజులు ఇప్పుడు అమ్మాను. ఆయన వద్దనడానికి లాకప్పులో ఉన్నాడు. ఏ చేతులు బోసి కాకూడదనుకున్నాడో అవే బోసి చేతులతో వకీలు ఇంటి అరుగు మీద కూర్చున్నాను. బెయిలు మీద ఇంటికొచ్చిన రోజు, కోర్టులో ఉన్నదున్నట్టు చెప్పమని ఆయన కాళ్లు పట్టుకున్నాను. టైర్లు అరువువని చెప్పు, ఎవరిచ్చారో చెప్పు, ఇన్స్పెక్టరుకు తెలుసునని చెప్పు అన్నాను.

ఆయన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. ఆ తర్వాత అన్నాడు: "అడగంగానే ఇచ్చినాడు ఆయప్ప. ఇచ్చినోని పేరు నలుగురిలో ఎత్తేదా? ఆ మాట బయటికి పోతే ఊర్లో బస్సులన్నీ నిలిచిపోతాయి మే."

మన బస్సు నిలిచిపోయిందే, దానికోసం ఎవరు ఏడుస్తున్నారు అని అరిచాను. ఆయన లేచి దొడ్లోకి వెళ్లిపోయాడు.

కోర్టులో ఆసామి వెనక బెంచీ మీద కూర్చున్నాడు, భుజాన జరీ కండువాతో. ఏమైనా చెప్పుకునేది ఉందా అని అడిగినప్పుడు మా ఆయన ఆసామి వైపు ఒకసారి చూసి, ఏమీ లేదన్నాడు. నాకు ఆ క్షణం మా అమ్మ గిల్లిన చోట మళ్లీ చురుక్కుమంది. నేనన్నా లేచి చెప్పి ఉండొచ్చు కదా అంటారేమో. వకీలు ముందే అన్నాడు, మొగుణ్ణి కాపాడుకోవడానికి పెళ్లాం చెప్పే మాట ఎవరు నమ్ముతారమ్మా అని. కొన్ని నెలలు జైలు పడింది. లైసెన్సు పోయింది.

ఆయన లోపల ఉండగా ఆసామి మా ఇంటికి వచ్చాడు. బస్సును, రూటును తనే తీసుకుంటానన్నాడు. బయటివాళ్ల చేతుల్లో పడకుండా చూస్తున్నానమ్మా అన్నాడు. ఆయనిచ్చినదానికి ఒప్పుకోక నాకు ఇంకే దారీ లేదు. జైలు నుంచి వచ్చాక మా ఆయనకు తన షెడ్డులోనే పని ఇచ్చాడు, టైర్లు విప్పి బిగించే పని. ఊరంతా ఆసామిని ధర్మాత్ముడంది.

మళ్లీ ఏడాది ఆ బస్సుకు పరీక్ష వచ్చింది. ఆ పొద్దు మా ఆయన చేతులకు గ్రీజుతో, ముఖం నిండా వెలుగుతో ఇల్లు చేరాడు. అట్లాంటి ముఖం చూసి ఎన్నాళ్లయిందో.

"మన బండికి కొత్త స్ప్రింగు పట్టీ ఏసినారు మే. షెడ్డులో ఉండే టైర్లు నేనే బిగించినా. పాసైనాంక ఇప్పేదానికి పోతే, వద్దులే, దానికే ఉండనీ అన్నాడు ఆయప్ప."

నా చేతిలో సంగటి తెడ్డు ఉంది. దాంతో ఆయన్ను కొట్టాలో, నా తల నేనే కొట్టుకోవాలో తెలియలేదు. ఎవరి బండయ్యా అని ఒక్క మాట నోటి దాకా వచ్చింది. ఆయన పీట వేసుకుని ఆశగా నా ముఖంలోకి చూస్తున్నాడు. బాగుందిలే, చేతులు కడుక్కో అన్నాను.