కాఫీపొడి నెమలి

మొన్న హిందూపురంలో మా మునిమనవడి పుట్టినరోజుకి బేకరీ నుంచి కేకు వచ్చింది. అట్టపెట్టె మూత తీయగానే వెనిలా వాసన, గుడ్డు వాసన, చక్కెర వాసన కలిసి గుప్పుమన్నాయి. కేకు మీద వాడి ఫోటోనే, ఊడిన ముందుపళ్ళతో సహా, అచ్చు గుద్దినట్టు దిగి ఉంది. తినే కాగితం మీద మిషను అచ్చు వేసిస్తుందట, దాన్ని క్రీము మీద పరిచేస్తే పని అయిపోతుందట. అందరూ చప్పట్లు కొడుతుంటే నేను మాత్రం కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. కేకు వాసన తగిలితే నాకు ఎముక విరిగిన చప్పుడు వినిపిస్తుంది. ఇన్నేళ్ళకీ పోలేదు, ఇక పోతుందన్న ఆశ కూడా లేదు.

నా చిన్నతనం యుద్ధం రోజుల్లో, ధర్మవరంలో గడిచింది. మాది నేతపని ఇల్లు. ముందుగదిలో గుంటమగ్గం, ఆ గుంటలోకి కాళ్ళు దించి కూర్చున్న నాయన, పక్కన రాట్నం తిప్పుతూ నాయన తల్లి, అంటే మా అవ్వ, పొయ్యికీ మగ్గానికీ మధ్య తిరుగుతూ అమ్మ. గంజి వాసన, తడి పట్టు వాసన, వేసవి మధ్యాహ్నాల్లో కాగిపోయిన మట్టిగోడల వాసన. వెంట్రుకంత పట్టుపోగును ముడేసే నాయన వేళ్ళే పిడికిలైతే ఇనుములా ఉండేవి. పోగు తెగితే అమ్మకు దెబ్బ, గంజి పలచనైతే దెబ్బ, ఉగాదికి ఓలిగల్లో పూర్ణం కాస్త జారితే ఆకు ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఇత్తడి చెంబు విసిరేవాడు. వసారాలో చింతపిక్కలాడుకుంటున్న నేనూ పక్కింటి పిల్లలూ పిక్కలు గుప్పిట్లో బిగించి గోడకు అతుక్కుపోయేవాళ్ళం. అవ్వ మాత్రం రాట్నం ఆపేది కాదు. "కట్టుకున్నోడు గాక ఊరోళ్ళొచ్చి కొడతారా" అనేది.

నాయన నేసిన చీరలకు "నారాయణప్ప అంచు" అని ఊళ్ళో పెద్ద పేరు. ఆ అంచులన్నీ గీసింది అమ్మ. అందరి అన్నాలూ అయ్యాక గళ్ళ కాగితం ముందేసుకుని హంసలూ, మామిడిపిందెలూ, నెమళ్ళూ గీసేది. నాయన ఆ గళ్ళు చూసుకుంటూ మగ్గానికి దారాలు కట్టుకునేవాడు. నేతలో ఆయన్ని మించినవాడు లేడు, అది కాదనను. కానీ సొంతంగా పిచ్చుకను గీయమంటే ఆయనకు చేతకాదు. ఈ సంగతి మా గడప దాటకూడదని ఇంట్లో శాసనం.

రైల్వే కాలనీలో ఆంగ్లో-ఇండియన్ ఇంజను డ్రైవరు భార్య ఒకామె ఉండేది. అందరూ దొరసాని అనేవాళ్ళు. చీర కొనడానికి వచ్చి, వాకిట్లో అమ్మ వేసిన ముగ్గు చూసి, తన కేకుల మీద పూలు గీసిపెట్టమని అడిగింది. అన్నీ కంట్రోలులో ఉన్న ఆ రోజుల్లో ఆమె ఇంటి నుంచి కాస్త చక్కెరా కిరసనాయిలూ వస్తాయి కాబట్టి నాయన పౌరుషం అప్పటికి పక్కకు జరిగి కూర్చుంది. దొరసాని కేకు కాల్చి రేకుడబ్బాలో మా ఇంటికి పంపేది. చీమలు పట్టకుండా నీళ్ళ పళ్ళెంలో పీట వేసి, దాని మీద కేకు పెట్టి, గుడ్డు తెల్లసొనలో చక్కెరపొడీ నిమ్మరసమూ వేసి నురగొచ్చేదాకా గిలక్కొట్టి, సున్నం పూసినంత నున్నగా పూసేది అమ్మ. అది వేలికి అంటనంతగా ఆరాక అసలు పని మొదలయ్యేది. పలచటి కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంబడే సూదితో పొడుచుకుంటూ పోయి, ఆ కాగితాన్ని కేకు మీద పరిచి, మల్లుగుడ్డలో మూటగట్టిన కాఫీపొడితో పైన మెల్లగా తట్టేది. కాగితం నిటారుగా పైకెత్తితే తెల్లటి కేకు మీద గోధుమరంగు చుక్కల బొమ్మ దిగి ఉండేది. ఆ చుక్కల మీద చక్కెర ముద్దను కాగితం పొట్లంలోంచి సన్నగా పిండుకుంటూ పోయేది. ఆ కాసేపూ అమ్మ ముఖంలో భయం ఉండేది కాదు.

ఒక ఏడు దొరసాని కూతురి పెళ్ళి పెనుకొండలో కుదిరింది. కేకు మీద నెమలి కావాలంది. మా నేతవాళ్ళలో ఒక కట్టుబాటు ఉంది, ఒక ఇంటి అంచులోని బొమ్మ ఇంకో ఇంటి గుడ్డ మీదికి పోకూడదు. కేకు గుడ్డ కాదు కదా అనుకుంది అమ్మ. మా అంచులోని నెమలినే తీసుకుని, సరదాకి తల వెనక్కి తిప్పి, ఆ కేకు మీద దించింది.

ఆ పెళ్ళికి నాయన దగ్గర చీరలు కొనే పట్టుసావుకారు కూడా వెళ్ళాడు. మర్నాడు పొద్దున్నే మా ఇంట్లో దిగాడు.

"ఏమప్పా నారాయణప్పా, నీ నెమలి పెనుకొండలో కేకు మీద కూసోనుండాది. ఎవురు గీసినారు?"

"నేనే గీసిచ్చినా," అన్నాడు నాయన.

"బలే ఉండాది. తల అట్ల వెనక్కి తిరిగిన నెమలితోనే నాకు అంచు కావల్ల. ఈడనే ఒకటి గీయి, చూస్తా."

నాయన పెన్సిల్ పట్టుకున్నాడు. వసారాలో ఉన్న ఇద్దరు నేతగాళ్ళు తొంగిచూశారు. కాగితం మీద మెడ విరిచిన కోడి ఒకటి తయారైంది. అప్పుడు అమ్మ వచ్చి, నాయన చేతిలోంచి పెన్సిల్ తీసుకుని, నిలబడే ఒక్క ఊపులో నెమలిని గీసేసింది. నాయన పరువు కాపాడాలని గీసిందని అవ్వ తర్వాత అందరికీ చెప్పుకుంది. నేను నమ్మను. ఒక్కసారైనా అది తనదని నలుగురిలో చెప్పుకోవాలనిపించి ఉంటుంది.

"అయితే ఇన్నాళ్ళూ నేను బేరమాడల్సింది ఈయమ్మతోనా," అని సావుకారు నవ్వాడు. వసారాలోవాళ్ళూ నవ్వారు.

వాళ్ళు వెళ్ళగానే నాయన తలుపు గడియ పెట్టాడు. అమ్మను జుట్టు పట్టి ఈడ్చాడు, గోడకేసి కొట్టాడు, కిందపడ్డాక తన్నాడు. గళ్ళ కాగితాలన్నీ తెచ్చి పొయ్యిలో కుక్కాడు. అంతటితో ఆగి ఉంటే రోజూ ఉండే దెబ్బల్లో అదీ ఒకటయ్యేది. అమ్మ కుడిచేతిని మగ్గం గుంట గట్టు మీద ఆనించి, కాలితో మణికట్టు తొక్కిపట్టి, మగ్గం పక్కనున్న గట్టి చేవకర్ర ఎత్తి వేళ్ళ మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పెళ్ళి కేకు వాసన ఇంకా పోని ఆ గదిలో, అమ్మ అరుపు కంటే ముందు ఆ చప్పుడు వినిపించింది. అవ్వ రాట్నం ఆగడం నేను మొదటిసారి చూశాను.

బుక్కపట్నంలో కట్టు కట్టించినా మూడు వేళ్ళు వంకరగానే అతుక్కున్నాయి. అమ్మ ఎడమచేత్తో అన్నం తినడం నేర్చుకుంది, తర్వాత ఎడమచేత్తోనే గీయడం నేర్చుకుంది. అది చూసి శ్రావణం ముందు నాయన ఆమె ముందు కాగితం పెట్టాడు.

"సావుకారు కొత్త అంచు అడుగుతాండాడు. గీయి."

"గుడ్డ కోసం గీయను. కేకు మీదైతే గీస్తా. దాన్ని ఆ పూటకే తినేస్తారు. ఎవురూ పేరు పెట్టుకోలేరు."

నాయన చెయ్యెత్తాడు. అమ్మ ఎడమచేతిని తానే తీసుకెళ్ళి ఆ గట్టు మీద పెట్టింది.

"ఇది గూడా ఉండాది. కొట్టు."

నాయన కొట్టలేదు. జాలి పుట్టి కాదు, అదీ పోతే ఇల్లు నడవదని. పాత చీరలు చూసుకుంటూ పాత అంచులే నేస్తూ ముసలివాడయ్యాడు. ఆయన పోయినరోజు నాకు ఏడుపు రాలేదు.

స్వతంత్రం వచ్చాక రైల్వే కాలనీలో దొరసానులు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అమ్మ ఎడమచేత్తో దించిన గులాబీలూ, ద్రాక్షగుత్తులూ, పావురాలూ ఏ పూటకాపూట ముక్కలై ఎవరెవరి కడుపుల్లోకో పోయాయి. ఒక్కటీ మిగల్లేదు. ఇప్పుడు ధర్మవరంలో మా వీధిలో మగ్గం చప్పుడే లేదు, అంచులన్నీ కంప్యూటర్లే గీస్తున్నాయి.

పోయిన నెల మనవరాలి పెళ్ళికి అక్కడే ఒక పెద్ద కొట్లో చీరలు చూస్తుంటే, సేల్స్‌మన్ ఒక నెమలి అంచు విప్పి "ఇది నారాయణప్ప అంచు అవ్వా, పాతకాలం డిజైన్" అన్నాడు. నెమలి తల వెనక్కి తిరిగి ఉంది. సావుకారు ఆ రోజు అమ్మ గీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకుపోయాడన్నమాట.

"ఇది గీసింది నారాయణప్ప కాదబ్బా. ఆయన పెండ్లాం లచ్చుమమ్మ. మా అమ్మ," అన్నాను.

"అట్లనా అవ్వా," అని మర్యాదగా నవ్వి, ఇంకో రంగులో అదే అంచు చూపించాడు.