రంగుల గది తాళం

మొన్న ఆదివారం మా పెదనాన్న చల్లపల్లిలో బస్సెక్కి విజయవాడలోని మా ఫ్లాటుకి వచ్చారు. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి, లిఫ్టుని నమ్మక మూడంతస్తులూ మెట్లెక్కారు. చేతిసంచిలో నేను రాసిన పుస్తకం ఉంది. కొత్త దారి తొక్కిన ఆడవాళ్ళ కథలు పిల్లల కోసం రాస్తుంటాను. ఈసారి డాక్టర్లనీ పైలట్లనీ పక్కనపెట్టి మా మేనత్త గురించి రాశాను. ఆయనకి స్వయానా చెల్లెలు.

మా ఊరి చేనేత సంఘానికి ప్రెసిడెంటైన మొదటి ఆడమనిషి ఆవిడ. ఆవిడ మగ్గం చప్పుడు ఆగితే వీధంతా భయపడేదని, తర్వాత వినబడేది ఆవిడ నోరేనని నాన్న నవ్వేవాడు. ఆవిడకి ముందు ఆ కుర్చీలో ఉన్నది పెదనాన్నే. అత్త మొదటిసారి నామినేషన్ వేయాల్సిన ఆఖరి రోజు, ఆవిడ రంగుల గదిలో నూలుని రంగులో ముంచుతుండగా ఆయన బయటినుంచి తాళం వేశారు. పదేళ్ళదాన్ని, నేను అరుగు మీదే ఉన్నాను. "అన్నయ్యా, తలుపు తియ్యి," అంటూ అత్త లోపలినుంచి కొడుతూనే ఉంది. పెదనాన్న నావైపు ఒక్క చూపు చూశారు. నేను నోరు మెదపలేదు. సాయంత్రం తలుపు తీశాక, మోచేతుల దాకా నీలిరంగుతోనే సంఘం ఆఫీసుకి పరిగెత్తింది. గడువు దాటిపోయింది. ఆ చేతులు చూసి అక్కడున్నవాళ్ళు నవ్వారట. మళ్ళీ ఎన్నికల దాకా ఆగి ఆయన్నే ఓడించింది గానీ, ‘తప్పయిందమ్మా’ అన్న మాట మాత్రం వినకుండానే పోయింది.

పుస్తకంలో, ఇంట్లో ఒక పెద్దమనిషి తాళం వేశాడని రాశాను. ఇప్పుడు ఆయన మునిమనవరాలు ఆ కథ స్కూల్లో చెప్పాలట. ఆ పెద్దమనిషి ఎవరని భోజనాల దగ్గర అడిగిందట. ఇంట్లో ఎవరూ తలెత్తలేదట.

"ఆ ఒక్క వాక్యం తీసెయ్యమ్మా. రేపో మాపో పోయేవాణ్ణి," అన్నారు.

"తీసేస్తాను పెదనాన్నా. రెండో ముద్రణలో ‘పెద్దమనిషి’ అని ఉండదు, ‘సొంత అన్నగారు’ అని ఉంటుంది. అరుగు మీద చూస్తూ కూర్చున్న పిల్ల నేనేనని కూడా రాస్తాను."

ఆయన పుస్తకం ఉన్న సంచిని ఒళ్ళోకి లాక్కున్నారు. "అది తలుపు కొట్టిన చప్పుడు నాకింకా వినబడుతుందే," అన్నారు.

ఆ మాట అత్తకి చెప్పాల్సిందన్నాను. బస్టాండు దాకా దిగబెట్టడానికి వెళ్ళలేదు. మర్నాడు పొద్దున్నే దిద్దిన ప్రతిని ప్రెస్సుకి పంపేశాను. కాలం ఆయన్ని మెత్తబరిచినట్టే ఉంది. నా దాకా ఇంకా రాలేదు.