ఫ్రిజ్ మీంచి జారిన స్వామి

నా చిన్నప్పుడు తిరుపతిలో మేముండే వీధిలో మొదటి ఫ్రిజ్ మా ఇంటికే వచ్చింది. మా మామ మద్రాసు నుంచి తెచ్చిన చిన్న స్వామి పటాన్ని దాని తలుపుకు అంటించాం. పటం వెనక అయస్కాంతం ఉండేది. మేకు లేదు, జిగురు లేదు, అయినా ఆ నున్నటి తలుపు మీద స్వామి నిలబడ్డాడు. మా అవ్వకు అది స్వామి మహిమే. పొద్దున్నే దీపం వెలిగించి, ఆ చేత్తోనే పటాన్ని తీసి, బొట్టు పెట్టి, మళ్ళీ అక్కడే అంటించేది.

ఆ ఏడాది మా నాయనకు కడుపులో పుండు ముదిరింది. ఇక ఆపరేషన్ తప్పదు, ఆలస్యం చేయొద్దని వేలూరులో డాక్టర్లు గట్టిగా చెప్పారు. బయలుదేరాల్సిన రోజు పొద్దున అవ్వ పూజ ముగించి ఇటు తిరిగిందో లేదో, పటం తలుపు మీద మెల్లగా జారుతూ వచ్చి నేల మీద పడింది. అవ్వ ముఖం పాలిపోయింది. వెళ్ళి గడపకు అడ్డంగా కూర్చుంది.

"స్వామే వద్దంటా ఉండాడు. నా కొడుకును యాడికీ పంపను" అంది.

అమ్మ ఏడుపు ఆపుకోలేకపోయింది. నాయన కడుపు పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. తల్లి మాట దాటడం ఆయనకు చేతకాదు.

ఆ ఏడుపు విని పక్కింటి అక్క వచ్చింది. ఆమె యూనివర్సిటీలో ఫిజిక్స్ చదువుతుండేది. సంగతి తెలిశాక అవ్వను చూసి నవ్వుతుందేమోనని నాకు భయం వేసింది. అక్క నవ్వలేదు. తనూ ఆ గడప దగ్గర నేల మీదే కూర్చుని, "ఏం చూసినావు అవ్వా, నాకు చెప్పు" అని అడిగింది. అవ్వ చెప్పినదంతా తొందరపెట్టకుండా విన్నది. తర్వాత వంటింట్లోంచి ఒక పళ్ళెం తెచ్చి, దాన్ని గోడకు ఆనించి అరచేత్తో నొక్కమంది. అవ్వ నొక్కింది. పళ్ళెం అక్కడే నిలిచింది.

"నీ చెయ్యి దాన్ని పైకి ఎత్తతా ఉండాదా?"

"లేదు. గోడకేసి నొక్కతా ఉండాను, అంతే."

"అయస్కాంతం చేసేదీ అంతే అవ్వా. తలుపులో ఇనుము ఉండాది. దానికేసి గట్టిగా అతుక్కుంటాది గానీ, పటాన్ని పైకి ఎత్తదు. కిందికి జారకుండా ఆపేది ఆ రెండూ ఒకదాన్నొకటి రాసుకునే పట్టు. ఇప్పుడు పటం వెనక ఒకసారి తడిమి సూడు."

అవ్వ లేచి, కింద పడిన పటాన్ని తీసి తడిమింది. వేళ్ళు జారాయి. దీపం నూనె. ఎన్నాళ్ళుగానో ఆమె చేతి నుంచే కొంచెం కొంచెంగా అంటుకున్నది. అక్క ఆ సంగతి తన నోటితో అనలేదు. అవ్వే తన కొంగుతో పటం వెనకా తలుపూ తుడిచి అంటించింది. పటం నిలిచింది.

ఆ తర్వాత అవ్వ చేసిన పని చూసి అక్కే ఆశ్చర్యపోయింది. ఎవరూ చెప్పకుండానే వేలు ప్రమిదలో ముంచి, పటం వెనక నూనె రాసి, మళ్ళీ అంటించింది. జారి వస్తున్న పటాన్ని దోసిట్లో పట్టుకుంది. శుభ్రంగా తుడిచి మళ్ళీ పెట్టింది. ఈసారి చాలాసేపు దాని వైపే చూస్తూ నిలబడింది. గడప దగ్గరికి మాత్రం తిరిగి పోలేదు.

"ఇంకా ఈడే నిలబడినారేమి? బస్సు పోతాది" అంది అమ్మానాయనలతో.

నాయన వేలూరు నుంచి బాగై తిరిగి వచ్చాడు. కోలుకున్నాక చాలా ఏళ్ళు మా మధ్య ఉన్నాడు.

అయస్కాంతం గురించి తర్వాత బడిలో పాఠం చెప్పినప్పుడు నాకు కొత్తగా అనిపించలేదు. అక్క దగ్గర నేను నేర్చుకున్నది అంతకన్నా పెద్దది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా భయపడి ఒక మాట పట్టుకుని కూర్చుంటే నేను వాదనకు దిగను. పక్కన కూర్చుని, ఏం చూశారో చెప్పమంటాను. చెప్పిందంతా విన్నాక, మిగిలింది వాళ్ళ చేతులకే తెలియనిస్తాను.