దండెం కింది లాఠీ

ఇతరుల యూనిఫాం బిళ్లలు పోగేసుకునే మనుషులుంటారని నాకు మొన్నమొన్నటి దాకా తెలియదు. పుర్రెకో బుద్ధి అంటారు, నిజమే. స్టాంపులు పోగేసేవాళ్లను చూశాను, పాత నాణేల కోసం ఊళ్లు తిరిగేవాళ్లను చూశాను. వాళ్లను చూస్తే నవ్వొచ్చేది, అంతే. చిన్న మంగళారం అనే ఊళ్లో ఒక ఫామ్‌హౌస్‌లో ఆ గదిని చూసినప్పుడు మాత్రం నవ్వు రాలేదు, రోత పుట్టింది. ఇప్పుడు రాస్తుంటే కూడా ఆ ఇత్తడి పాలిష్ వాసన ముక్కుకు తగులుతోంది.

మా బాపు హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాడు. మాది మొయినాబాద్ దగ్గర హిమాయత్‌నగర్. స్టేషన్లకు ప్లాస్టిక్ లాఠీలు వచ్చి పాత వెదురువి మూలన పడేసినప్పుడు, బాపు తన లాఠీని అడిగి ఇంటికి తెచ్చాడు. తెచ్చిన రోజే మా అమ్మ చేతికిచ్చాడు. అమ్మను మేం అవ్వ అంటాం. అవ్వ దాన్ని పెరట్లో దండెం కింద ఊతంగా నిలబెట్టింది. అప్పటి నుంచి దాని ఉద్యోగం తడి బట్టల బరువు మోయడం. సీతాఫలాలు రాల్చడానికి, కోతులను బెదిరించడానికి కూడా అవ్వ దాన్నే వాడేది. బాపు మాత్రం ముట్టుకునేవాడు కాదు. గాలికి ఊతం జారి బట్టలు మట్టిలో పొర్లుతున్నా కుర్చీలోంచి లేవకుండా అవ్వనే పిలిచేవాడు. పోలీసు బద్ధకం అని నేనూ తమ్ముడూ ఎగతాళి చేసేవాళ్లం.

బాపు ఎవరినీ కొట్టలేదని నా నమ్మకం. చిన్నప్పుడు బడిలో పిల్లలు పోలీసోని బిడ్డ అని దూరం జరిగితే, ఇంటికొచ్చి బాపును అడిగేదాన్ని, నువ్వు కొడతావా అని. నా తల నిమిరి వేరే సంగతి ఎత్తుకునేవాడు. కొట్టేవాడికి అంత మెత్తటి చెయ్యి ఉండదని నేనే తీర్పు చెప్పుకున్నాను. బాపు పోయాక చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు లేచి నిలబడి అందరి ముందూ అదే చెప్పాను. చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు గాని, నా మాట ఆ బాపతు కాదనే నా ధీమా.

నేను చేవెళ్లలో టీచరును. ఆదివారం ప్రార్థనకు అవ్వ దగ్గరికి వస్తుంటాను. అలా వచ్చిన ఒక ఆదివారం చూస్తే దండెం కింద లాఠీ లేదు. దాని జాగాలో తెల్లటి ప్లాస్టిక్ పైపు నిలబడి ఉంది. తమ్ముడు ప్లాట్ల బేరాలు చేస్తాడు. లాఠీని వాడే తీసుకుపోయి, చిన్న మంగళారంలో ఫామ్‌హౌస్ ఉన్న ఒక సారుకు బహుమానంగా ఇచ్చాడట. ఆ సారు పోలీసు సామాను, మిలిటరీ సామాను పోగేస్తాడట. పక్కనే ఇంకో నాలుగెకరాలు చూస్తున్నాడట. ఇక నాకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

నేను తమ్ముణ్ణి కడిగిపారేస్తుంటే అవ్వ గడపలో కూర్చుని ఒక్కటే అడిగింది.

"ఎవల చేతికిచ్చినవ్ రా?"

పెద్దమనిషి చేతికే అవ్వా, ఫికర్ చెయ్యకు అన్నాడు తమ్ముడు. ఆమె మళ్లీ అదే అడిగింది. ముసలామెకు వినబడలేదనుకుని వాడు గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. మధ్యాహ్నం ఆ సారు స్నేహితులను పిలిచాడని, బాపు గురించి నాలుగు మంచి మాటలు చెప్తాడని, నేను కూడా వస్తే బాగుంటుందని నన్ను కారెక్కించాడు. నేను ఎక్కింది మంచి మాటల కోసం కాదు. లాఠీ వెనక్కి తేవాలని ఎక్కాను.

సారుది కోస్తా. ఎప్పుడో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వచ్చి స్థిరపడిన కుటుంబం, ఇల్లు గండిపేటలో. మనిషి మర్యాదస్తుడే, రండమ్మా అంటూ ఎదురొచ్చాడు. పోలీసులో గాని మిలిటరీలో గాని ఒక్క రోజు పనిచెయ్యలేదని తనే చెప్పుకున్నాడు. ఏసీ గది. గోడల నిండా అద్దాల పెట్టెలు. ఎర్ర మఖమలు మీద టోపీ బిళ్లలు, బెల్టు బక్కిళ్లు, విజిల్ తాళ్లు, బంట్రోతులు భుజాన అడ్డంగా వేసుకునే డవాలీ పట్టీల బిళ్లలు. భుజాల మీద పెట్టుకునే నక్షత్రాలను ఒక పళ్లెంలో వడియాల్లాగా పరిచాడు. ఎవరో ముప్పయ్యేళ్లు ఎండలో నిలబడి సంపాదించుకున్నవి ఈయన ఫోన్లో బేరమాడి తెప్పించుకున్నాడు. సిపాయి పోయిన ఇల్లు ఎక్కడుందో కనుక్కుని, దినాలు అయ్యాక వెళ్లి అడుగుతాడట. అప్పుడైతే ఇంట్లోవాళ్లు కాదనరని నవ్వుతూ చెప్పాడు.

ఒక టోపీని తిరగేసి చూపించాడు. లోపలి తోలుపట్టీ నూనెకూ చెమటకూ నల్లబారి, ఒక తెల్ల వెంట్రుక కూడా అంటుకుని ఉంది. దాన్ని అట్లాగే పారదర్శకమైన కవరులో పెట్టి దాచాడు. ఇంకో దుడ్డుకర్ర కొస మీద ఫోను లైటు వేసి గోధుమరంగు మరక చూపించాడు. పనిమనిషిని కూడా ముట్టుకోనివ్వడట, తడిగుడ్డతో తుడిచేస్తుందేమోనని.

"కొత్తవి ఎవడిక్కావాలండీ, కొట్లో దొరుకుతాయి. పనిచేసిన సరుకే సరుకు," అన్నాడు.

 ఆయన స్నేహితులు గంగిరెద్దుల్లా తలలాడించారు. చదువుకున్నవాళ్లు, పిల్లలున్నవాళ్లు, ఆ మరక దగ్గరికి వంగి వంగి చూస్తున్నారు.

మా లాఠీ ఆ పెట్టెల నడుమ గోడకు తగిలించి ఉంది. నూనె పట్టించి నిగనిగలాడేట్టు చేశారు. కింద అట్టముక్క మీద అచ్చు వేయించిన నాలుగు వాక్యాలున్నాయి. ఒక ధర్నాలో ఈ లాఠీ తలలు పగలగొట్టిందని, కొసన ఉన్న పగులు ఒక పుర్రెకు తగిలి వచ్చిందని, దీన్ని పట్టిన హెడ్ కానిస్టేబుల్ అంటే చేవెళ్ల రోడ్డంతా హడలని రాసి ఉంది. నేను తమ్ముడి వంక చూశాను. వాడు కిటికీ వంక చూశాడు.

అంతలో స్నేహితుల్లో ఒకాయన లాఠీ తీసి పైకెత్తి, కొడుతున్నట్టు పోజు పెట్టాడు. ఇంకొకాయన చేతులు అడ్డం పెట్టుకుని కింద కూర్చున్నాడు. ఫోటో తీసుకున్నారు. సరిగా రాలేదని మళ్లీ తీసుకున్నారు. నవ్వులు. నా ఒళ్లు మండిపోయింది. బాపు శవపేటిక మీద కాళ్లు చాపుకుని కూర్చున్నట్టు అనిపించింది.

"ఆ పగులు పుర్రెది కాదు సార్, తడి బొంతది," అన్నాను. "మా బాపు ఎవల్నీ కొట్టలే. అది మేం బట్టలారేసుకునే కట్టె. మా తమ్ముడు మీకు అబద్ధం చెప్పిండు."

 సారు తమ్ముణ్ణి నిజమా అని అడిగాడు. వాడు మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. తమ్ముడి మీద కోప్పడతాడనుకున్నాను, నాకు క్షమాపణ చెప్తాడని కూడా ఎక్కడో ఆశ. ఆయన లాఠీని అటూ ఇటూ తిప్పి, చచ్చుపుచ్చు వంకాయ అంటగట్టినట్టు మొహం పెట్టాడు.

"కొట్టని లాఠీ నాకెందుకమ్మా, తీసుకెళ్లిపోండి," అన్నాడు.

నేను దానికోసమే వచ్చాను, దొరికింది. అయినా గెలిచినట్టు లేదు. మా బాపు మంచివాడని తేలగానే ఆయన సామాను పనికిరానిదైపోయింది. అట్టముక్క కూడా లాక్కుని నాలుగు ముక్కలు చేసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను. వాళ్ల చెత్తబుట్టలో కూడా బాపు గురించిన ఆ రాత ఉండకూడదనుకున్నాను.

తమ్ముడి కారెక్కబుద్ధి కాలేదు. రోడ్డు దాకా నడిచి షేర్ ఆటో ఆపాను. వెనక సీట్లో అప్పటికే జనం కిక్కిరిసి ఉన్నారు, ఇంకొకరు పట్టరు. నా చేతిలో లాఠీ చూడగానే కిమ్మనకుండా సర్దుకున్నారు. పక్కనున్న ఆడమనిషి, పొలం కూలికి పోయి వస్తున్నదేమో, కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. ఇది బట్టల కట్టె అవ్వా అని చెప్పాను. ఆమె అట్లనా బిడ్డా అంది గాని, దిగేదాకా కాళ్లు చాపుకోలేదు. నూనె రాసిన ఆ కట్టె నా అరచేతికి జిడ్డుగా తగులుతుంటే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అవ్వ పెరట్లోనే ఉంది. ఎంత గొప్పగా చెప్పానో చూడు అన్నట్టు జరిగిందంతా పూసగుచ్చి చెప్పాను. ఒక్క ఫోటోల సంగతి తప్ప. బాపు ఎవరినీ కొట్టలేదని వాళ్ల మొహం మీదే అన్నానన్నాను. పగులు బొంతదని చెప్పానన్నాను. అవ్వ లాఠీ అందుకుని, కొంగుతో నూనె తుడవడం మొదలుపెట్టింది. చాలాసేపు తుడిచింది.

"బొంతకు పల్గలేదు బిడ్డా. తెచ్చిననాడే పల్గి ఉన్నది," అంది.

నాకు అర్థం కాలేదు. అవ్వ తల ఎత్తకుండా చెప్పింది. ఒక సంవత్సరం వానలు పడ్డాక విత్తనాల దుకాణం ముందు లైను. తెల్లారిందగ్గర్నుంచి నిలబడ్డ రైతులు తోసుకున్నారు. కొట్టమని పైనుంచి చెప్పారు, బాపు కొట్టాడు. ఒకాయన చెయ్యి విరిగింది, లాఠీ కొస పగిలింది. విత్తనాల చీటీ పట్టుకున్న చెయ్యి. బాపు వయసువాడేనట, మనలాంటోడేనట. ఇంటికొచ్చి బాపు చెయ్యి సబ్బుతో కడుక్కుని, మళ్లీ కడుక్కుని, కంపు పోతలేదన్నాడట. కొన్ని దినాలు ఆ చేత్తో అన్నం తినలేక అవ్వతో ముద్దలు పెట్టించుకుని తిన్నాడట.

"మూలకేసిన కట్టెలల్ల వెతికి దీన్నే తెచ్చిండు. ఇంకొకని చేతిల పడొద్దన్నడు. నీ బట్టలకు పెట్టుకోమన్నడు."

 చర్చిలో నేను లేచి మాట్లాడిన రోజు మొదటి వరసలో అవ్వ తల వంచుకుని ఉంది. ఏడుస్తోందనుకున్నాను. సారు గదిలోనూ అదే మాట అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ అట్టముక్క మీది రాతలో ధర్నా అబద్ధం, పుర్రె అబద్ధం. పగులు మాత్రం అబద్ధం కాదు. సారు ఆ సంగతి తెలిసి ఉంటే లాఠీని వదిలేవాడే కాదు, ఇంకో అద్దాల పెట్టె చేయించేవాడు. ఆయన మీద నా రోత అణువంత కూడా తగ్గలేదు. దాని పక్కన ఇంకొకటి వచ్చి కూర్చుంది. బాపు కడుక్కున్న చెయ్యే నా తల నిమిరిన చెయ్యి.

అవ్వ ప్లాస్టిక్ పైపు తీసి పక్కన పడేసి, లాఠీని దండెం కింద నిలబెట్టింది. తాడు బిగువు చూసుకుంది. తర్వాత నా వైపు తిరిగి, ఆ ఇంట్లో దీన్ని ఎవరన్నా చేతికి తీసుకున్నారా అని అడిగింది.

"లేదవ్వా. గోడకే ఉన్నది," అన్నాను.