బోలు కజ్జికాయ

నా చిన్నప్పుడు ఈస్టరంటే కజ్జికాయలే. మా అమ్మమ్మ ఏలూరులో ఒక దొరసానిగారి బంగళాలో వంట చేసేది. అక్కడ పండక్కి లోపల బోలుగా ఉండే రొట్టెలు కాల్చేవారట, ప్రభువు తిరిగి లేచాక ఖాళీ అయిన సమాధికి గుర్తుగా. మా మట్టిపొయ్యి మీద అలాంటి రొట్టెలు ఎక్కడ కాలతాయి? అందుకని అమ్మమ్మ ఇంట్లో కజ్జికాయలు వండి, ఒక్కదాంట్లో మాత్రం కొబ్బరి లౌజు పెట్టకుండా అంచులు మూసేసేది. నేను ఆవిడ దగ్గర ఈస్టరు చేసుకున్న మొదటి ఏడు ఆ సంగతి నాకు తెలియదు.

అంతకుముందు వానాకాలంలో జ్వరమొచ్చి మా అమ్మ పోయింది. కొల్లేటి లంకలో బడిపంతులుగా ఉన్న మా నాన్న, ఒక్కడే సాకలేక నన్ను అమ్మమ్మ దగ్గర దించి వెళ్ళాడు. నాకు ఎనిమిదేళ్ళు. ముక్కు మీదే కోపం. ఎవరు ముద్దుచేసినా జాలిపడుతున్నారని మండిపడేదాన్ని.

ఈస్టరు ముందు శనివారం అమ్మమ్మ పూరీలు ఒత్తుతుంటే పిల్లలమంతా చుట్టూ చేరి లౌజు పెట్టి, అంచులు మెలిపెట్టాం. మామయ్య పిల్లలు కజ్జికాయల్లో పెట్టినదానికంటే నోట్లో వేసుకున్నదే ఎక్కువ.

మర్నాడు తెల్లవారుజామున ఆరాధన అయ్యాక అందరూ తమవాళ్ళ సమాధుల మీద పూలు పెట్టి కొవ్వొత్తులు వెలిగించారు. మా అమ్మ సమాధి ఎక్కడో లంకలో ఉండిపోయింది. నా పూలు నా చేతిలోనే వాడిపోయాయి.

ఇంటికొచ్చాక అమ్మమ్మ కజ్జికాయలు పంచింది. నాకు పెట్టిందే అన్నిటికన్నా పెద్దది, బాగా పొంగింది. గర్వంగా కొరికాను. లోపల ఏమీ లేదు. అబ్బో, నాకెంత రోషం వచ్చిందో!

"అమ్మ లేనిదాన్నని నాకు ఉత్తిది పెట్టావా?" అని శోకాలు పెట్టాను.

అమ్మమ్మ కోప్పడలేదు. నన్ను దగ్గరికి లాక్కుని, "పిచ్చితల్లీ, ఆ ఆదివారం పొద్దున్న ప్రభువు సమాధికెళ్ళిన ఆడవాళ్ళూ అది ఖాళీగా ఉండడం చూసి నీలాగే ఏడ్చారే. అది ఖాళీ అయిందంటే ఆయన లేచాడని కదా! ఇంట్లో ఎవరికి దుఃఖం ఎక్కువుంటే వాళ్ళకే ఇది పెడతాను. ఈ ఏడు నీకమ్మా" అంది.

అంతా అర్థమైందని చెప్పను. కానీ ఆ చివరి మాట అంటూనే ఆవిడ మొహం పక్కకి తిప్పుకుంది. పోయింది ఆవిడ కూతురని అప్పటిదాకా నాకు తట్టనేలేదు! ఇన్ని నెలలుగా నాకు తల దువ్వి, అన్నం తినిపించి, నా అలకలన్నీ భరించింది. ఆవిడ కన్నీళ్ళు తుడిచినవాళ్ళేరీ? ఎంగిలని కూడా చూడకుండా ఆ కజ్జికాయని విరిచి, "నీకూ దుఃఖం ఉంది కదా అమ్మమ్మా" అని సగం ఆవిడ నోట్లో పెట్టాను. మింగలేక, కొంగు నోటికడ్డం పెట్టుకుని భోరుమంది. అమ్మ పోయాక ఆవిడ ఏడవగా చూడడం నాకదే మొదటిసారి.

ఇప్పటికీ చావింటికి వెళితే నా కళ్ళు ముందుగా ఏడ్చేవాళ్ళ మీదికి పోవు. వచ్చినవాళ్ళకి చాపలు పరుస్తూ, మంచినీళ్ళు అందిస్తూ తిరిగే మనిషి ఒకరుంటారు చూడండి, వాళ్ళ చేతిలో చెంబు నేనందుకుని, "నువ్వు కాసేపు కూర్చోమ్మా" అంటాను.