ముక్కు మీద పడాల్సిన బరువు

మా తోడల్లుడు నన్ను మొదటిసారి చిన్నబుచ్చింది మేము కెనడాలో దిగిన రోజునే. ఎయిర్‌పోర్టుకు గంటన్నర ఆలస్యంగా వచ్చి, మా పెట్టెలు చూసి, "ఊరు మొత్తం మోసుకొచ్చావా తమ్ముడూ?" అని నవ్వాడు. ఆ పెట్టెల్లో సగం ఆయన భార్య, అంటే మా వదిన, తెమ్మన్న పచ్చళ్లూ పొడులే. ఇది జరిగి పందొమ్మిదేళ్లయింది. ఆయన మర్చిపోయాడు. నేను మర్చిపోలేదు. ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి. ఇప్పుడు రాస్తున్నది మాత్రం ఒక్క క్యాంపర్ ట్రైలర్ గురించి.

నా భార్యకు చికిత్స మొదలైన ఏడాది, ఎండాకాలం మధ్యలో డాక్టర్లు మూడు వారాలు విరామం ఇచ్చారు. ఆమె నన్ను ఒక్కటే అడిగింది.

"ఏమండీ, ఆ సుపీరియర్ సరస్సు ఒడ్డున రెండు రోజులు ఉండి వద్దామా? ఎప్పుడూ వచ్చే ఏడాది, వచ్చే ఏడాది అంటూనే ఉన్నాం."

మిల్టన్‌లో మా ఇంటి నుంచి అది చాలా దూరం. బయటి తిండి ఆమెకు పడదు. పడుకోవడానికి చోటు, బాత్‌రూమ్ ఎప్పుడూ పక్కనే ఉండాలి. అందుకని నేనూ, ఓక్‌విల్‌లో ఉండే తోడల్లుడూ కలిసి ఒక పాత క్యాంపర్ ట్రైలర్, అంటే చక్రాల మీద నడిచే చిన్న ఇల్లు, కొన్నాం. దాన్ని లాగే పికప్ ట్రక్కు ఆయనది. ఆ ఒక్క కారణంతో ప్రయాణం మొత్తం ఆయనదే అయిపోయింది.

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. బాగానే ఉందని ఎవరో చెబితే నమ్మడం నా పని కాదు. ట్రైలర్‌లో సామాను ఎలా సర్దాలో వారం రోజులు చదివాను. బరువులో ఎక్కువ భాగం చక్రాల ఇరుసుకు ముందు ఉండాలి, అదీ నేలకు దగ్గరగా. ట్రక్కుకు తగిలించే ముక్కు మీద, మొత్తం బరువులో పదో వంతైనా పడాలి. అది తగ్గి వెనక బరువెక్కితే, వేగం మీద ట్రైలర్ పాములా ఊగుతుంది. ఒకసారి ఊగడం మొదలైతే ఆపడం కష్టం.

బయల్దేరే ముందు రోజు సాయంత్రం బాత్‌రూమ్‌లోని వేయింగ్ స్కేలు డ్రైవ్‌వేలోకి తెచ్చి ప్రతిదీ తూచాను. నలభై పౌండ్ల బియ్యం బస్తా, ఇడ్లీ పిండి కోసం వదిన వదలనన్న గ్రైండర్, నీళ్ల సీసాల కేసులు, ఉల్లిపాయల సంచి. బరువైనవన్నీ ముందున్న అరలోకి చేర్చాను. ముక్కును స్కేలు మీద నేరుగా ఆనిస్తే అది పగిలిపోతుంది. అందుకని ఒక చెక్క పలకను ఒక పక్క ఇనప గొట్టం మీద, ఇంకో పక్క స్కేలు మీద ఆనించి, ముక్కును గొట్టం నుంచి పలకలో మూడో వంతు దూరంలో దించాను. స్కేలు చూపిన అంకెను మూడుతో గుణిస్తే ముక్కు మీది బరువు వస్తుంది. సరిగ్గా వచ్చింది.

అప్పుడే తోడల్లుడు ట్రక్కు దిగాడు.

"కాటా పెట్టాడ్రోయ్ మా తమ్ముడు! ఉల్లిపాయలు ఎట్లా ఇస్తున్నావు బాబూ?" అని వీధంతా వినబడేలా అరిచాడు.

ఎదురింటివాళ్లు తిరిగి చూశారు. మెట్ల మీద కూర్చున్న నా భార్య కూడా నవ్వింది. కొన్ని నెలల తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు. నన్ను చూసి నవ్విందని మాత్రమే తట్టింది.

మర్నాడు పొద్దున్నే మందుల కోసం ఫార్మసీకి వెళ్లొచ్చేసరికి ముందు అర ఖాళీగా ఉంది. మధ్యలో పసుపు గుడ్డ పరిచి, దాని మీద దేవుడి పటం, దీపం కుంది పెట్టి ఉన్నాయి.

"చెల్లి కోసం మొక్కుకున్నానయ్యా. దేవుణ్ణి పెట్టిన చోట ఉల్లిపాయలూ గుడ్లూ ఉంచుతామా?" అంది వదిన.

సామానంతా వెనక మంచం కిందికి చేరింది.

"అన్నయ్యా, బరువంతా వెనక్కి పోయింది," అన్నాను.

"ఎక్కడుంటే ఏంటయ్యా, బండిలోనే ఉందిగా! నీ కాటా ఇంట్లో పెట్టి ఎక్కు, ఎండెక్కుతోంది."

ట్రక్కుకు తగిలించే ముందు నేను ముక్కు కింద రెండు చేతులూ పెట్టి ఎత్తి చూశాను. నిన్న ఇంచు కూడా కదలనిది తేలిగ్గా లేచింది.

సామాను మార్చడానికి అరగంట చాలు. దేవుడి పక్కన ఉల్లిపాయలు వద్దన్న మనిషి బియ్యం వద్దనదు, నీళ్లు వద్దనదు. కూర్చోబెట్టి చెబితే వదిన ఒప్పుకునేదే. నేను చెప్పలేదు. దారిలో బండి కాస్త ఊగితే ఆయనే పక్కకు ఆపి, "నువ్వు చెప్పిందే నిజం తమ్ముడూ," అంటాడనుకున్నాను. ఆ మాట వినాలనిపించింది. నోరు మూసుకుని వెనక సీట్లో నా భార్య పక్కన కూర్చున్నాను.

బారీ అనే ఊరు దాటిన తర్వాత ఒక పొడవాటి దిగుడు. పెద్ద ట్రాన్స్‌పోర్ట్ లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయింది. ఆ గాలికి ట్రైలర్ ఒకసారి అటు, ఒకసారి ఇటు ఊగింది. మూడోసారికి మా ట్రక్కు వెనక భాగాన్ని కూడా తనతో ఈడ్చుకుపోయింది. తోడల్లుడు బ్రేకు గట్టిగా తొక్కాడు. అలాంటప్పుడు తొక్కకూడదు. ఆ సంగతి కూడా నేను చదివే ఉన్నాను. ట్రైలర్ కొక్కెం తెంచుకుని పక్కనున్న గడ్డి పల్లంలోకి ఒరిగిపోయింది. ట్రక్కు రోడ్డు అంచున అడ్డంగా ఆగింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

జూలై ఎండలో శాలువా కప్పుకుని నా భార్య మడత కుర్చీలో కూర్చుంది. వదిన పటం వెతుక్కుంటూ పల్లంలోకి దిగింది. తోడల్లుడు దూరంగా నిలబడి టో ట్రక్కు వాళ్లతో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"పొద్దున దాని ముందు భాగం ఎత్తి చూశారు కదా," అంది నా భార్య.

"చూశాను."

"తెలిసిందా?"

"తెలిస్తే? నా మాట ఎవరు విన్నారు గనక?"

"నేను వినేదాన్ని," అంది.

తర్వాత ఆ మాట ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. ఇంటికి తిరిగొచ్చాం. చికిత్స మళ్లీ మొదలైంది. ఆకులు రాలే వేళకు ఆమెకు మెట్లు దిగే ఓపిక కూడా లేదు. ఫిబ్రవరిలో వెళ్లిపోయింది. ఆ సరస్సు చూడలేదు.

పన్నెండో రోజు భోజనాలయ్యాక తోడల్లుడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"నా మొండితనం తమ్ముడూ. నీ లెక్క విని ఉంటే ఆ పిల్ల ఆ నీళ్లు చూసి పోయేది. తప్పు నాదే."

పందొమ్మిదేళ్లుగా నేను ఎదురుచూసిన మాట అది. ముక్కు ఎత్తి చూశానని, తెలిసే ఎక్కానని అప్పుడు చెప్పాల్సింది. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె ఎవరికీ చెప్పకుండానే పోయింది.

"పోనీలే అన్నయ్యా," అన్నాను, క్షమించినవాడిలా.

ఆయన తలుపు దాకా వెళ్లి, చెప్పులు వేసుకోబోయి, మళ్లీ వెనక్కొచ్చి నాకు దణ్ణం పెట్టాడు. నాకంటే ఆరేళ్లు పెద్దవాడు. అప్పుడూ చెప్పలేదు.