మహబూబీ హోటల్లో మొదటి ముద్ద

తిరువూరు బస్టాండు వెనక సందులో మహబూబీ హోటలుంది. దానికి బోర్డు లేదు, ఆరు బల్లలు తప్ప ఆర్భాటమూ లేదు. పక్కనున్న నెమలి ఊళ్ళో గుడికి వెళ్ళొచ్చేవాళ్ళు దిగి ఎక్కడ తినాలని అడిగితే ఆటోవాళ్ళు ఆ సందే చూపిస్తారు. ఊళ్ళోవాళ్ళకి మాత్రం ఆటోవాళ్ళ మాట చాలదు. చుట్టాలొస్తున్నారంటే ముందు నా ఎరువుల కొట్టుకొచ్చి, "వీరరాఘవయ్య గారూ, బిర్యానీకి అక్కడికి తీసుకెళ్ళొచ్చంటారా?" అని అడిగి మరీ వెళ్తారు.

అలా అడిగించుకోవడం నాకు మహా ఇష్టం. మాది పెనుగొలను. పొలం కౌలుకిచ్చి ఇక్కడ కొట్టు పెట్టుకుని ముప్పయ్యేళ్ళయింది. ఈ ముప్పయ్యేళ్ళలో ఎరువుల గురించి నన్ను నమ్మినవాళ్ళకంటే తిండి గురించి నమ్మినవాళ్ళే ఎక్కువ. నాకు నోటిదురుసు ఉంది, గొప్పలు చెప్పుకునే జబ్బూ ఉంది. ఇప్పుడు చెప్పబోయేది ఆ జబ్బు సంగతే. సిగ్గుగానే ఉంది, అయినా చెప్తాను.

మహబూబీ మొగుడు ఖాదర్‌బాషా పెళ్ళిళ్ళకి వంట చేసేవాడు. పెళ్ళివారు వందమందన్నా, రెండొందల మందన్నా కొలత లేకుండా చేత్తోనే వేసేవాడు. అతను గుండెపోటుతో పోయాక నలభయ్యో రోజు ఫాతెహా అయిన మర్నాడే ఆవిడ గరిటె పట్టుకుంది. అత్తవారు పుట్టింటికి వెళ్ళిపొమ్మన్నారు. ఆవిడ వెళ్ళలేదు. మొగుడు బిర్యానీ వండే పెద్ద గిన్నెలు, ఆ దేగిసాలు నాలుగూ తెచ్చుకుని ఆ సందులో పొయ్యి పెట్టింది. మొదటి ఏడాది ఈగలు తోలుకోవడమే సరిపోయింది. రెండో ఏటికి నిలబడింది. ఆవిడ నోట గట్టిగా ఒక మాట రావడం నేను వినలేదు. ఎవరైనా బాగుందంటే, "అంతా ఆయన నేర్పిందే అన్నయ్య గారూ" అని మొగుడికి అప్పజెప్పేసేది.

రంజాను నెలలో అక్కడో పద్ధతి ఉంది. మహబూబీ పగలంతా ఉపవాసం, రోజా ఉంటుంది, కాబట్టి వండినదాని రుచి చూడదు. అంతకుముందు రంజానుల్లో ఆవిడ దగ్గర పనిచేసే గ్లోరి చూసేది. కానీ ఈ రెండేళ్ళుగా రంజానూ, ఈస్టరు ముందొచ్చే నలభై రోజులూ కలిసొస్తున్నాయి. ఆ నలభై రోజులూ గ్లోరి నీసు ముట్టదు. అంచేత దేగిసా మూత తీయగానే మొదట వచ్చిన గిరాకీకి చిన్న పళ్ళెంలో ఓ ముద్ద పెట్టి ఉప్పు చూడమంటారు. వాళ్ళు సరే అన్నాకే వడ్డన మొదలవుతుంది. ఆ మొదటి ముద్ద కోసం నేను పదకొండింటికే కొట్టు వదిలేసి వెళ్ళి కూర్చునేవాణ్ణి. కళ్ళు మూసుకుని, నమిలి, అందరూ నా మొహం చూసేదాకా ఆగి, "కానియ్యమ్మా" అనేవాణ్ణి. ఆహా, ఏం వైభోగం.

మొన్న రంజాను రెండో వారంలో మా తమ్ముడి కూతురు కీర్తన వచ్చింది. ఊళ్ళో ఓ ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తుంది.

"పెదనాన్నా, పండగయ్యాక మా కాలేజీ వార్షికోత్సవం. మూడు రోజులు స్టాఫుకీ గెస్టులకీ భోజనాలు పెట్టాలి. మహబూబీ హోటలుకి ఇద్దామని నేనన్నాను. మా కరస్పాండెంటు శశాంక్ గారు ఓసారి తిని చూస్తానంటున్నారు" అంది.

నేను వెంటనే ఆ శశాంక్‌కి ఫోను కొట్టాను. "మీరు శనివారం ఒంటిగంటకి రండి సార్. నేను ముందే వెళ్ళి దగ్గరుండి రుచి చూసి పెట్టిస్తాను. నాదీ పూచీ" అన్నాను. శనివారం నేను మాంసం ముట్టను. వెంకన్న మొక్కు, చిన్నప్పట్నుంచీ ఉంది. నోరు తిరిగినంత వేగంగా బుర్ర తిరగలేదు.

ఈ సంగతి చెప్తే మహబూబీ కళ్ళు తడిశాయి. పక్కగది ఖాళీగా ఉంది. ఆ ఆర్డరొస్తే దాన్ని అద్దెకి తీసుకుని ఆడవాళ్ళు కూర్చుని తినేటట్టు చెయ్యాలని ఆవిడ ఆశ. "మా నాహిదు స్నేహితురాళ్ళొచ్చినా పార్సిలు కట్టి పంపాల్సొస్తుందండి. ఆడపిల్లలు ఈ ఇరుకులో ఎక్కడ కూర్చుంటారు" అనేది ఎప్పుడూ. నాహిదు ఆవిడ కూతురు.

శనివారం పదకొండింటికి వెళ్ళాను. అప్పటికే అయిదారుగురు కూర్చునున్నారు. మహబూబీ నన్ను చూడగానే గబగబా వచ్చింది.

"అన్నయ్య గారూ, మధ్యలో గ్యాసు అయిపోయిందండి. ఎసరు దించి కట్టెల పొయ్యి మీదికి మార్చాం. ఆ కంగారులో ఎసట్లో ఉప్పు వేశానో లేదో గుర్తురావట్లేదు. కాస్త జాగ్రత్తగా చూసి చెప్పండి. తక్కువైతే ఉప్పునీళ్ళు చల్లి మళ్ళీ మూత పెడతాను, పావుగంటలో సర్దుకుంటుంది."

ఇంతకంటే వివరంగా ఏ మనిషీ ఏ మనిషినీ అడగడు. నేను శనివారమమ్మా అంటే సరిపోయేది. పక్కబల్ల దగ్గర అంతోనయ్య మేస్త్రి ఉన్నాడు, అతన్ని చూడమనేది. కానీ ఆ ముద్ద అంతోనయ్య నోట్లోకి వెళ్తే నా పెద్దరికం ఏం కాను? దగ్గరుండి రుచి చూస్తానని కరస్పాండెంటుకి కోసిన కోతలేం కాను? ఆవిడ చెయ్యి ఎన్నడూ తప్పలేదు, ఇవాళ మాత్రం ఎందుకు తప్పుతుందిలే అనుకున్నాను. పళ్ళెం పట్టుకుని చేతులు కడుక్కునే బేసిన్ దగ్గరికి వెళ్ళి, అందరికీ వీపు పెట్టి, ముద్ద దాన్లో పడేసి నీళ్ళు వదిలాను. మూతి తుడుచుకుంటూ వచ్చి, "దివ్యంగా ఉందమ్మా, కానియ్" అన్నాను.

"హమ్మయ్య" అని ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

నేను బాగుందన్నాక ఎలా కాదనడమనో ఏమో, ముందు తిన్నవాళ్ళెవరూ ఉప్పు మాట ఎత్తకుండానే లేచిపోయారు. ఒంటిగంటకి శశాంక్ నలుగురితో వచ్చాడు. రెండు ముద్దలు తిని ఆగాడు. ముక్కలో ఉప్పుంది, అన్నం చప్పిడి. పచ్చి ఉప్పు తెప్పించుకుని పైన చల్లుకున్నారు. అది పళ్ళ కింద కరకరలాడింది. మహబూబీ వచ్చి చూసి పాలిపోయింది. నేను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాను. వీరరాఘవయ్య గారు బాగుందన్నారండి అని ఆవిడ అనొచ్చు. అనలేదు. "తప్పు నాదే సార్, క్షమించండి" అంది.

బయటికొచ్చాక శశాంక్, "ఏంటండీ, మీరు దగ్గరుండి చూస్తానన్నారు?" అన్నాడు.

నేనేమన్నానో రాయడానికి చెయ్యి రావట్లేదు. "ఈ మధ్య ఆవిడ చెయ్యి దిగిపోయింది సార్. ఉపవాసాల్లో వాళ్ళకి వంట మీద ధ్యాస ఉండదు" అన్నాను. ఛీ, అదీ ఒక నోరేనా. అంతటితో ఊరుకున్నానా? ఆ తర్వాత కొట్టుకొచ్చి అడిగినవాళ్ళందరికీ, "ఇప్పుడొద్దులే, వేరేచోట తినండి" అంటూ వచ్చాను. అబద్ధం ఒకసారి ఆడాక దాన్ని కాపాడుకోవాలిగా. కాలేజీ భోజనాలు విజయవాడ క్యాటరింగు వాళ్ళకి పోయాయి. పక్కగదిలో సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. నేను ఆ సందు వైపు వెళ్ళడం మానేశాను. బస్టాండుకి పోవాలన్నా చుట్టు తిరిగి పోయేవాణ్ణి.

మే నెలలో కీర్తన మళ్ళీ వచ్చింది. "పెదనాన్నా, ఫ్రెండ్స్ వస్తున్నారు. మహబూబీ హోటలుకి వెళ్ళొచ్చా?" అంది.

"నన్నెందుకు అడుగుతావ్? నీకు నాలుక లేదా?" అని కసిరాను. పిల్ల బిత్తరపోయింది. దాని మొహం చూశాక ఇక కూర్చోలేకపోయాను. బుధవారం, మిట్టమధ్యాహ్నం, నెత్తిన తువ్వాలు వేసుకుని ఆ సందులోకి నడిచాను.

హోటల్లో సగం బల్లలు ఖాళీ. గ్లోరి గిన్నెలు తోముతోంది. మహబూబీ పొయ్యి దగ్గర నుంచి, "రండి అన్నయ్య గారూ, చాన్నాళ్ళయింది" అంది, ఏమీ జరగనట్టే.

"నేను ఆ రోజు తినలేదమ్మా. శనివారం. తినకుండానే బాగుందన్నాను" అన్నాను. దారంతా కూర్చుకున్న మాటల్లో చివరికి మిగిలింది అంతే.

గ్లోరి తలెత్తలేదు. "బేసిన్ ఆ సాయంత్రం నేనే కడిగానండి. జాలీకి అడ్డంపడి ముద్ద ముద్దలాగే ఉంది" అంది.

అంటే ఇద్దరికీ అప్పట్నుంచీ తెలుసు. మూడు నెలలుగా నేను ఊరంతా ఆవిణ్ణి ఆడిపోసుకుంటుంటే వీళ్ళు ఒక్కరితో అనలేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా ఎవరికీ?"

"చెప్తే మీరు ఊళ్ళో ఎట్టా తిరుగుతారండి" అంది మహబూబీ. మొహమంతా చెమట. పెదాలు పొక్కులు కట్టి ఎండిపోయున్నాయి. గ్లోరి మంచినీళ్ళ చెంబు తీసుకుని ఆవిణ్ణి దాటుకుని నా దగ్గరికొచ్చింది.

"ముందు ఆవిడకివ్వు" అన్నాను.

"ఆంటీ రోజాలో ఉన్నారండి."

"రంజాను ఎప్పుడో అయిపోయిందిగా?"

మహబూబీ దేగిసా మూత సర్ది పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "ఆ శనివారం తర్వాత ఎవర్నీ చూడమనబుద్ధి కాలేదండి. రోజూ నేనే నాలుక చివర పెట్టుకుని ఉమ్మేసేదాన్ని. వంటచేసేవాళ్ళు అట్టా చూసుకోవచ్చనే మావాళ్ళు అన్నారు. కానీ గొంతులోకి దిగిందేమోనని నాకు అనుమానం. ఆ రోజాలు చెల్లినట్టు అనిపించలేదు. అందుకని మళ్ళీ ఉంటున్నాను. మొత్తం ఇరవై. తొమ్మిదయ్యాయి."

బయట రోడ్డు మీద తారు మెత్తబడే ఎండ. లోపల రెండు పొయ్యిలు. ఇంకా పదకొండు రోజులు.

"ఆ పదకొండూ నేనుంటాను తల్లీ. నీళ్ళు కూడా ముట్టను" అన్నాను. చేతకాని మాటని తెలుసు. అయినా అన్నాను.

ఆవిడ నవ్వింది. ఎగతాళి లేదు ఆ నవ్వులో. "మీరుంటే నాది తీరదండి. ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్ళు తాగండి" అని, గ్లోరి చేతిలో చెంబు తీసుకుని తనే గ్లాసులోకి వంచి నా ముందు పెట్టింది.